సైకిలు తొక్కితే బావిలో నీరు పడుతుందా?

పిల్లలూ! మీరు చెల్పూరు రోడ్డుమీద సైకిలు తొక్కితే, ఎక్కడో ఆఫ్రికాఖండంలో ఉన్న యుగాండాలో మంచినీళ్లు వస్తాయంటే నమ్ముతారా? "మాష్టారు తమాషాకు అంటున్నారు" అనుకోకండి. ఇందులో మంత్రమేమీ లేదు. కాస్త లెక్క ఉన్నది, అంతే.

కొన్ని దేశాలలో మంచిపనులకు సొమ్ము పోగుచేయటానికి సైకిలు యాత్రలు చేస్తారు. 2013లో లండన్‌లో "రైడ్‌లండన్" అనే పెద్ద యాత్ర మొదలయింది. అందులో చాలామంది ఒక్కరోజులో 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు తొక్కేవారు. ఇటువంటి యాత్రకు బయలుదేరేముందు చుట్టాలనూ, స్నేహితులనూ కలిసి, "నేనింత దూరం తొక్కుతాను. మీరు ఫలానా పనికి ఎంత ఇస్తారు?" అని అడుగుతారు. 1981లో బ్రిటన్‌లో పుట్టిన వాటర్‌ఎయిడ్ సంస్థ పేదదేశాలలో మంచినీటి వసతి కల్పిస్తున్నది. దానికోసం సైకిలు తొక్కేవారూ ఉన్నారు.

ఇప్పుడు మన లెక్క. చెల్పూరు నుంచి రేగొండ, పరకాల మీదుగా హనుమకొండకు 50 కిలోమీటర్లకు పైనే. 50 అనే అనుకుందాం. కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున 20 మంది ఇస్తే ఎంత? 2000 రూపాయలు! (అయితే అది లారీలు తిరిగే దారి. పెద్దలు తోడులేకుండా బయలుదేరకండి.)

చిన్నవాళ్లవల్ల ఏమవుతుందనుకుంటున్నారా? కెనడాలో ర్యాన్ హ్రెల్జాక్ అనే ఆరేళ్ల కుర్రవాడు ఉండేవాడు. ఆఫ్రికాలో పిల్లలు నీళ్లకోసం మైళ్లకొద్దీ నడుస్తారని 1998లో వాళ్ల పంతులమ్మ చెప్పింది. 70 డాలర్లుంటే బావి వస్తుందనుకుని, వాడు ఇంట్లో పనులు చేసి, కిటికీలు తుడిచి, నాలుగు నెలల్లో ఆ సొమ్ము కూడబెట్టాడు. తీరా చూస్తే అది పంపుకు మాత్రమే చాలుతుందట. బావి తవ్వటానికి 2000 డాలర్లు కావాలన్నారు! "అయితే ఇంకా పనిచేస్తాను" అన్నాడు వాడు. నలుగురూ సాయపడ్డారు. 1999లో యుగాండాలోని అంగోలో ప్రాథమిక పాఠశాల దగ్గర బావి పడింది.

ఇక్కడ ఒక వింత చెబుతాను. యుగాండాలో ఎక్కువగా వాడే చేతిపంపు పేరు "యు-2". అది మన బోరింగుకు తమ్ముడే! మన బోరింగును 1970లలో యూనిసెఫ్ సాయంతో మనదేశంలోనే తయారుచేశారు. దాని పేరు "ఇండియా మార్క్-2". దాని తలలో ఏమున్నదో తెలుసా? సైకిలుకు ఉన్నటువంటి గొలుసూ, బాల్‌బేరింగులూను! హ్యాండిల్ నొక్కితే గొలుసు లోపలి కడ్డీని నిటారుగా పైకి లాగుతుంది. కడ్డీ చివర, అడుగున నీటిలో మునిగి ముషలకం ఉంటుంది. దానికి వాషర్లుంటాయి. అవే నీటిని పైకి నెడతాయి.

వాషరు అరిగిందా, ఎంత కొట్టినా చుక్క రాదు. నేను హెడ్మాష్టరుగా ఉన్న ఒక బడిలో అదే జరిగింది. బోరింగు బాగుచేయించటం ఎవరి పనో అని నేను కాగితాలు వ్రాస్తూ కూర్చున్నాను. పిల్లలు దూరాన ఉన్న దిగుడుబావికి పోయి నీళ్లు తాగారు. కొందరికి వాంతులూ, విరేచనాలూ పట్టుకున్నాయి. ఒకనాడు అయిదో తరగతి పిల్ల వచ్చి, "సార్, మేమే తలా రూపాయి వేసుకుంటే బాగవుతదా?" అని అడిగింది. నాకు తల తీసేసినట్లయింది. మర్నాడే మెకానిక్కును పిలిపించాను. పూట తిరగకుండా నీళ్లు వచ్చాయి. చెడిపోయినదల్లా కొద్ది రూపాయల తోలు వాషరు. తప్పు బోరింగుది కాదు, నాది.

అందుచేత తల్లిదండ్రులకు ఒక మాట. దూరదేశపు బావికి చందా ఇవ్వండి, మంచిదే. ఇచ్చేముందు, "రేపు వాషరు అరిగితే మార్చేదెవరు? ఊళ్లో ఎవరికైనా ఆ పని నేర్పారా?" అని అడగండి. బావి తవ్వటం ఒక్కనాటి పని. దాన్ని నిలుపుకోవటం ఏళ్లతరబడి పని.

పిల్లలూ, ఈ సాయంత్రం మీ సైకిలు గొలుసుకు నూనె వేయండి. తరువాత మీ వాడలోని బోరింగు దగ్గరకు వెళ్లి చూడండి. ఇంటింటికీ నల్లా వచ్చినా, అది ఆగిననాడు ఆదుకునేది బోరింగే. అది కిర్రుమంటున్నదా? అయితే పెద్దలకు చెప్పండి. నావలె కాగితాలు వ్రాస్తూ కూర్చోకండి!