సంకల్పంలో అందరూ... యాత్రలో కొందరేనా?

దేవాలయంలో గోత్రనామాలు చెప్పుకొని నిలిచిన ప్రతి గృహస్థుని తరఫునా సంకల్పంలో ఒక మాట తప్పక వినిపిస్తుంది. అది ‘సహకుటుంబానాం’. సన్నిధిలో నిలిచినవాడు ఒక్కడే కావచ్చు. కానీ క్షేమం కోరేది కుటుంబమంతటికీ. మంచం పట్టిన తండ్రి, వంటింట్లో ఉన్న తల్లి, దూరదేశంలో ఉన్న తోబుట్టువు అందరూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటారు. సంకల్పం ఇంత విశాలంగా ఉండగా మన యాత్రలు మాత్రం ఎందుకు ఇరుకవుతున్నాయో ఈ ఆదివారం కాస్త ఆలోచిద్దాం.

మా నూజివీడు సీమలో వేసవి అంటే మామిడి. ఉగాది పచ్చడిలో పుల్లని ముక్కగా ఇంట ప్రవేశించిన మామిడి, వైశాఖం వచ్చేసరికి చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లిగా ఇల్లంతా పరిమళిస్తుంది. సెలవులకు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి బిడ్డలు, మనుమలు వస్తారు. తొలి పండు దేవుని ముందు పెట్టి, తరువాత అందరూ ఆరగిస్తారు. మరునాడే ప్రయాణాల మాట మొదలవుతుంది. ఎన్ని రోజుల్లో ఎన్ని క్షేత్రాలు, కారులో ఎందరు పడతారు అని లెక్కలు వేస్తారు. ఆ లెక్కలో మొదట తగ్గే మనిషి బామ్మే.

“నీకు మోకాళ్ల నొప్పులు కదా బామ్మా! మెట్లెక్కలేవు. ప్రసాదం తెస్తాంలే” అంటారు. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. ఆమె కూడా, “మీరు వెళ్లిరండి నాయనా, గడ్డిలో మాగబెట్టిన కాయలు రోజూ చూసుకోవద్దూ!” అంటూ తానే ఒక సాకు వెతుక్కుంటుంది. కారు వీధి మలుపు తిరిగేదాకా అరుగు మీద నిలబడి చెయ్యి ఊపుతుంది.

ఆలయసేవలో ఉన్నవారికి ఈ కథ రెండో భాగమూ తెలుసు. కొన్నేళ్లకు అదే కుమారుడు తల్లి సంవత్సరీకం ముగించుకొని వచ్చి, “అమ్మకు ఈ స్వామిని చూడాలని ఉండేదండీ, తీసుకురాలేకపోయాం” అని కళ్లు తుడుచుకుంటాడు. అప్పుడు అర్చకుడు ఏమని ఓదార్చగలడు?

భీముడు చెప్పిన సమాధానం

ఈ సమస్య కొత్తది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో పాండవుల తీర్థయాత్ర విపులంగా ఉంది. యజ్ఞయాగాదులు సంపన్నులకు సాధ్యం, తీర్థయాత్ర పేదవానికీ సాధ్యం అని పులస్త్య మహర్షి భీష్మునితో అన్న మాటను అక్కడే నారదుడు ధర్మరాజుకు వినిపిస్తాడు. చేతులు, పాదాలు, మనస్సు అదుపులో ఉన్నవానికే తీర్థఫలం దక్కుతుందని కూడా పులస్త్యుని ఉపదేశం. ఎన్ని చోట్లకు వెళ్లామన్నదాని కన్న ఎలా వెళ్లామన్నదే ప్రధానమని దీని తాత్పర్యం.

ఆ యాత్రలో గంధమాదన పర్వతం ఎదురైంది. దారి దుర్గమం. ద్రౌపది అలసి ఉంది. అప్పుడు ధర్మరాజు, తాను నకులునితో, లోమశ మహర్షితో ముందుకు వెళతాననీ, భీముడు తక్కినవారితో గంగాద్వారం వద్ద ఆగి ద్రౌపదిని కనిపెట్టుకొని ఉండాలనీ ప్రతిపాదించాడు. బామ్మతో మనం అనే మాట వంటిదే ఇది. భీముడు అంగీకరించలేదు. ఎంత అలసినా అర్జునుని చూడాలన్న తపన ఆమెకు ఉన్నదనీ, ఆమె నడవలేని చోట తానే మోస్తాననీ చెప్పాడు. ఆ తరువాత ద్రౌపది నిజంగానే దారిలో సొమ్మసిల్లింది. అప్పుడు కూడా ఆమెను వెనక్కు పంపలేదు. భీముడు తలచుకోగానే ఘటోత్కచుడు వచ్చి ఆమెను ఎత్తుకున్నాడు. మనుమని వయసున్న యువకులారా, ఈ కథలో మీకు సరిపోయే పాత్ర ఏదో వేరే చెప్పాలా?

చీమల కోసం అభిషేకం మానిన స్వామి

మా సీమవారికి చేరువలో ఉన్న మహాక్షేత్రం ద్వారకా తిరుమల. ద్వారక మహర్షి తపస్సుకు మెచ్చి స్వామి పుట్టలో వెలసిన చోటు. పుట్ట మీది స్వయంభూమూర్తికి పాదాలు కనిపించవు. భక్తులకు పాదసేవా భాగ్యం కలిగించేందుకు వెనుక నిలువెత్తు మూర్తిని భగవద్రామానుజులు ప్రతిష్ఠించారని సంప్రదాయం. అందుకే అక్కడ ఏటా రెండు కల్యాణోత్సవాలు. స్వయంభువుకు వైశాఖంలో, ప్రతిష్ఠితమూర్తికి ఆశ్వయుజంలో జరుగుతాయి. విమాన, మండప, గోపురాలు మైలవరం జమీందారు ధర్మా అప్పారావు కట్టించినవి. మైలవరం రాణి చిన్నమ్మారావు స్వామికి బంగారు ఆభరణాలు, వెండి వాహనాలు సమర్పించారు.

ఆ సన్నిధిలో ఒక విశేషాన్ని పిల్లలకు తప్పక చెప్పండి. అక్కడి మూలమూర్తికి అభిషేకం చేయరు. చిన్న నీటిబొట్టు పడినా పుట్టలోని చీమలు చెదురుతాయని కారణం చెబుతారు. జగన్నాథుడే చీమల కోసం తన అభిషేకాన్ని వదులుకున్నాడు. కన్నతల్లి కోసం మనం వేగాన్ని కొంత వదులుకోలేమా?

ఆచరణలో ఇలా...

బామ్మ నడకకు తగిన యాత్ర చేయండి. అయిదు క్షేత్రాలకు బదులు ఒక్కటి చాలు. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరేలోగా దర్శనం ముగుస్తుంది. దూరం కష్టమైతే నూజివీడు నుంచి బెజవాడ వెళ్లే దారిలోనే ఆగిరిపల్లి ఉంది. శోభనాచల వ్యాఘ్రనరసింహస్వామి అక్కడ కొలువై ఉన్నాడు. కొండ మీదికి రాలేని పెద్దలు దిగువనున్న ఆలయంలో దర్శనం చేసుకోవచ్చు. దారిలో చిన్నపిల్లల చేతిలోని ఫోను కాసేపు పక్కన పెట్టించి, ఆ కొండ కథ, ఆ ఊరి తిరునాళ్ల ముచ్చట్లు బామ్మ చేత చెప్పించండి. ఆమె వెంట లేకపోతే ఆ కథలు మీ పిల్లలకు ఎవరు చెబుతారు?

రద్దీ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పుష్కర పుణ్యం పన్నెండు రోజులూ ఉంటుంది. తొలి ముహూర్తమే కావాలన్న పట్టుదల వద్దు. 2027లో గోదావరికి, 2028లో కృష్ణకు పుష్కరాలు. పెద్దలున్న కుటుంబాలు రద్దీ తక్కువగా ఉండే రోజును, ఘట్టాన్ని ముందే చూసుకోవాలి. పన్నెండేళ్ల తరువాత చూద్దామని వారికి చెప్పగలిగే వయసు కాదు వారిది.

ఇక కదలలేనివారి మాట. వారినీ శాస్త్రం మరువలేదు. దర్భలతో ప్రతిమ చేసి, తల్లినో తండ్రినో ఉద్దేశించి దానిని తీర్థజలంలో ముంచితే వారికి ఆ స్నానఫలంలో ఎనిమిదో భాగం చేరుతుందని స్మృతివచనం. ఇంట ఉన్నవారికీ ఒక భాగాన్ని లెక్కగట్టి చెప్పిన ఋషుల కరుణ ఎంతటిదో గమనించండి! అయితే రాగలిగిన తల్లికి పూర్తి ఫలం అందే వీలుండగా ఎనిమిదో వంతుతో సరిపెట్టడం న్యాయం కాదు.

కనుక ఈ వేసవిలో ప్రయాణం నిశ్చయించే ముందు, “బామ్మా, నువ్వు ఏ స్వామిని చూడాలనుకుంటున్నావు?” అని అడగండి. ఆమె చెప్పిన ఊరికే బయలుదేరండి. గడ్డిలోని కాయలను ఒక్కరోజు పక్కింటివారు చూసిపెడతారు. సన్నిధిలో ‘సహకుటుంబానాం’ అన్న మాట వినబడినప్పుడు ఆ తల్లి మీ పక్కనే ఉండాలి. స్వస్తి.