శస్త్రచికిత్సకు ముందు తూనిక

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టా ధాన్యాగారమని పేరుగాంచినది. అయినను, గాదె నిండియున్న ఇంటిలో సైతము పోషణలేమితో కృశించు స్త్రీ ఉండవచ్చును. అన్నము ఆకలి తీర్చును. కాని కండకు కావలసిన మాంసకృత్తులను అన్నమొక్కటే చాలినంతగా ఇయ్యజాలదు.

గర్భాశయమునకు, దాని ముఖద్వారమునకు, లేక అండాశయమునకు కాన్సరు వచ్చి, శస్త్రచికిత్సకై కాకినాడకో రాజమహేంద్రవరమునకో వెళ్లు స్త్రీకి ఈ లోపము మిక్కిలి ప్రమాదకరము. వ్యాధి ఆకలిని చంపును, కండను కరిగించును. అట్టి శరీరమున కోసిన గాయము ఆలస్యముగా మానును. చీముపట్టు భయము హెచ్చును. ఆసుపత్రిలో ఉండవలసిన దినములు పెరుగును. కావున ముందుగా పోషణ పరీక్ష జరుగవలెను.

ఈ పరీక్ష కష్టమైనది కాదు. మొదట రెండు ప్రశ్నలు: ప్రయత్నింపకయే బరువు తగ్గినదా? ఆకలి లేక తిండి తగ్గినదా? పిమ్మట తూనిక. ఆరు నెలలలో 50 కిలోల మనిషి 45 కిలోలకు దిగినచో, అనగా పదవవంతు తగ్గినచో, ఉపేక్షింపరాదు. ఐదడుగుల పొడవు గల స్త్రీ 43 కిలోలకు తక్కువ తూగినను అంతే.

ఇందొక మెలకువ కలదు. అండాశయ కాన్సరులో కడుపున నీరు చేరవచ్చును. అప్పుడు కండ కరిగినను తూకము తగ్గదు. బంధువులు ఒళ్లు చేసినదని సంతోషింతురు. అట్టి వేళ ఆమె జబ్బలు చూడుడు. బిగుతుగా ఉండిన గాజులు మోచేతి వైపు జారుచున్నచో సంగతి వైద్యునికి తెలుపుడు.

లోపము తీవ్రమైనచో శస్త్రచికిత్సకు ముందు 7 నుండి 14 దినములు పోషణ చికిత్స చేయుట మేలని ఐరోపా పోషణవైద్య సంఘము సూచించినది. ఆ నిర్ణయము వైద్యునిదే. ఇంటివారు తమంతట వాయిదా వేయరాదు. అట్లే పథ్యము పేర పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు మాన్పించి చారన్నముతో సరిపెట్టరాదు. మధుమేహము, మూత్రపిండ వ్యాధి, ప్రేగులో అడ్డు ఉన్నవారికి మాత్రము వైద్యుడు చెప్పిన ఆహారమే ఈయవలెను.

పంచాయతీ సభ్యులారా! ఆశా కార్యకర్త సాయముతో అట్టి స్త్రీని అంగన్‌వాడీ కేంద్రమున తూచి, తేదీతో బరువు వ్రాసిన కాగితమును ఆసుపత్రికి పంపుడు. ఆమె వ్యాధి రచ్చబండపై ముచ్చట కాకుండ చూడుడు. ఇంటిల్లిపాదికి వడ్డించి చివర మిగిలినది తినుట మన స్త్రీలకు అలవాటు. ఈ దినములలోనైన మొదటి విస్తరి ఆమెకు వేయుమని ఇంటివారికి చెప్పుడు.