తల్లులు దాచిన బొడ్డుతాడు

జపానుదేశమున బిడ్డకు ఊడిపడిన బొడ్డుతాటి ముక్కను ఎండబెట్టి, చిన్న కొయ్యపెట్టెలో దాచు ఆచారము కలదు. మనలోను కొందరు దానిని తాయెత్తులో నుంచి బిడ్డకు కట్టుదురు గావున, సోదరీమణులకు ఇది వింతగా తోచదు. అట్టి ముక్కలే యొకప్పుడు వైద్యశాస్త్రమునకు సాక్ష్యమిచ్చిన సంగతి మాత్రము వినదగినది.

క్యూషూ ద్వీపమున, కుమమోతో మండలములో, మినమాత యను తీరపుటూరు గలదు. అచటి జాలరులకు చేపయే కూడు. 1950 దాటిన కొలది యేండ్లకు ఆ పల్లెలలో పిల్లులు తూలుచు, గిరగిర తిరిగి సముద్రమున బడి చచ్చుట జనులు చూచిరి. 1956 ఏప్రిలులో ఐదేండ్ల బాలిక యొకతె నడక తడబడి, మాట ముద్దయై, చిస్సో రసాయన కర్మాగారమువారి ఆసుపత్రికి వచ్చెను. వెంటనే ఆమె చెల్లెలును మంచము పట్టెను. ఆసుపత్రి పెద్దయగు హొసొకావ హాజిమె వైద్యుడు మే 1వ తేదీన ఈ సంగతి ఆరోగ్యాధికారులకు చేరునట్లు చేసెను. తొలుత అంటువ్యాధి యనుకొని రోగుల యిండ్లకు మందు చల్లిరి. ఇరుగుపొరుగువారు రాకపోకలు మానిరి. బిడ్డ బాధ యొకయెత్తు, ఈ వెలి యొకయెత్తు.

కుమమోతో విశ్వవిద్యాలయ వైద్యులు పరిశోధనకు బూనిరి. ఆ యేడు ముగియకమున్నే, ఇది అంటు కాదు, చేపలద్వారా లోనికి బోవు లోహవిషమై యుండునని తలచిరి. ఏ లోహము? మాంగనీసు, సెలీనియము, థాలియము అని యొక్కొక్కదానిని అనుమానించుటలోనే కాలము గడచెను. 1958లో బ్రిటిషు నాడీవైద్యుడగు డగ్లసు మెకాల్పైను అచటికి వచ్చి రోగులను చూచెను. చూపు నలుప్రక్కల మూసికొనిపోయి ఎదుటిది మాత్రమే కనబడుట, అడుగు తూలుట, మాట తొట్రుపడుట, ఈ మూడును గూడిన వ్యాధిని 1940లోనే హంటరు, బాంఫర్డు, రస్సెలు అను వైద్యులు వర్ణించియుండిరి. ఇంగ్లండులో విత్తనములకు బట్టించు పాదరసపు మందు చేయు కూలీలకు అది కలిగినది. ఆ పోలికను మెకాల్పైను ఎత్తిచూపెను. ఎక్కడి విత్తనపు మందు, ఎక్కడి చేపలు! మృతుల మెదళ్లను పరీక్షించిన తకెయుచి తదావొ పండితుడును ఆ పోలికనే కనుగొనెను. 1959 జూలైలో విశ్వవిద్యాలయమువారు సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించిరి.

కర్మాగారమున ఎసిటాల్డిహైడు అను పదార్థమును చేయుటకు పాదరసమును వాడుచుండిరి. మురుగుతో అది సముద్రమున గలిసి, చేపల కెక్కి, మనుష్యుల మెదడు చేరెను. 1959 అక్టోబరులో హొసొకావ ఆ మురుగునే కూటిలో గలిపి పెట్టగా, 400వ సంఖ్యగల పిల్లికి అదే వ్యాధి వచ్చెను. యజమానులు ఆ సంగతిని దాచిరి. అతడును నాడు నోరు మెదపలేదు; 1970లో మరణమునకు ముందు రోగశయ్యపైనుండియే న్యాయస్థానమునకు సాక్ష్యమిచ్చెను. అతనిని పూర్తిగా నిందింపను, పూర్తిగా క్షమింపను జాలకున్నాను. 1968 వరకు ఆ పని ఆగలేదు.

ఇంతలో చేప ముట్టని పసివాండ్రును కొందరు మెడ నిలుపలేక, కాలుసేతు లాడక పుట్టుచుండిరి. మాయ విషమును బిడ్డకు జేరనీయదని నాటి గ్రంథములు చెప్పుచుండుటచే, వైద్యులు దీనిని వేరు వ్యాధి యనిరి. 1961లో హరద మసజుమి యను యువవైద్యుడు ఒకయింటి ముంగిట నిద్దరన్నదమ్ములను చూచెను. లక్షణము లొక్కటే, పెద్దవానిది మినమాత వ్యాధియట, చిన్నవానిది కాదట! ఆ తల్లి మాత్రము, తాను తిన్న విషమును కడుపులోని బిడ్డ పీల్చుకొనెననియు, అందుచేతనే తాను తేలికగా బయటపడితిననియు చెప్పెను. హరద మొదట నమ్మలేదు; పిమ్మట అట్టి పిల్లల నందరిని వెదకి పరీక్షించెను. 1962లో ఒక బిడ్డ మరణించినపుడు శవపరీక్షలో తల్లి మాటయే నిజమని తేలెను. ఆ యేటి చివర 16 గురు పిల్లల వ్యాధి అంగీకరింపబడెను.

పుట్టిననాటి విషము ఎంతయో తెలియుటెట్లు? తల్లులు కొయ్యపెట్టెలు తెచ్చి యిచ్చిరి. ఆ ఎండిన ముక్కలలో పాదరసమును కొలిచి 1975లో ప్రకటించిరి. కర్మాగారమున ఎసిటాల్డిహైడు ఎక్కువగా తయారైన యేండ్ల బిడ్డలవానిలో పాదరసమును ఎక్కువగా నుండెను.