వారంటీ ఉన్న కారుకు ఇంటి దగ్గర ఏం చేసుకోవచ్చు?



కొత్త కారుతోపాటు ఇంటికి ఒక భయం కూడా వస్తుంది. బానెట్ ఎత్తకూడదు, పానా పట్టకూడదు, బయటి మెకానిక్ చెయ్యి తగలకూడదు, తగిలితే వారంటీ పోతుంది అని షోరూములో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. హోసూరులో వండి అన్నా, బళ్ళారిలో గాడి అన్నా, యానాంలో కారే అన్నా ఈ భయం మాత్రం అందరికీ ఒకటే. ట్రాక్టరు ఇంజను విప్పి బిగించగల రైతు కూడా, కారు అద్దం కడిగే నీళ్ల డబ్బా నింపించుకోవడానికి టౌనుదాకా పోయి వస్తున్నాడు. ఈ భయంలో నిజం ఎంత, అపోహ ఎంత అన్నది ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

ముందు వారంటీ అంటే ఏమిటో తెలుసుకోవాలి. అది కంపెనీ ఇచ్చే పూచీ. కారులో వాడిన సరుకులోనో, తయారుచేసిన తీరులోనో లోపం ఉండి, ఫలానా గడువులో ఏదైనా భాగం చెడిపోతే, ఆ భాగాన్ని ఉచితంగా బాగుచేసి గాని మార్చి గాని ఇస్తామని మాట. ఆ గడువు రెండు విధాలుగా ఉంటుంది. ఉదాహరణకు మారుతి సుజుకి 2024 జులైలో తన వారంటీని 2 సంవత్సరాలు, 40,000 కిలోమీటర్ల నుంచి 3 సంవత్సరాలు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఈ రెండింటిలో ఏది ముందు పూర్తయితే దానితో గడువు ముగిసినట్లే. బాడుగకు తిరిగే బండికి కిలోమీటర్లు ముందు అయిపోతాయి. పెళ్లిళ్లకూ పండుగలకూ మాత్రమే బయటికి తీసే బండికి సంవత్సరాలు ముందు అయిపోతాయి.

ఈ పూచీలోకి రానివి చాలా ఉన్నాయి. వాడకంలో అరిగిపోయేవి, అంటే బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపరు రబ్బర్లు, ఫిల్టర్లు, బల్బులు, ఫ్యూజులు సాధారణంగా రావు. టైర్లకూ బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీలే విడిగా పూచీ ఇస్తాయి. కాబట్టి వైపరు రబ్బరు మీరే మార్చుకున్నారనుకోండి, అసలు లేని వారంటీ ఎక్కడికీ పోదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం భయం తీరిపోతుంది.

మరి మిగిలిన సగం సంగతి? ఇక్కడ మనం అడగవలసిన ప్రశ్న ఒకటే. చెడిపోయిన భాగానికీ, మనం చేసిన పనికీ సంబంధం ఉందా? తలుపు అద్దం ఎత్తి దించే మోటారు కాలిపోయింది. అంతకు నెల ముందు మీరు ఇంటి దగ్గర గాలి ఫిల్టరు మార్చారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అదే ఇంజనులో బేరింగులు పట్టేసి, అందులో పోసిన ఆయిలు మీరు బయట కొన్నదైతే, ఆ ఆయిలు ఏమిటి, ఎప్పుడు పోశారు, రశీదు ఏది అని తప్పకుండా అడుగుతారు. అడగడం న్యాయమే కూడా.

ఈ విషయం మీద మన దేశంలో ఒక ముఖ్యమైన తీర్పు ఉంది. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీల మీద ఉత్తర్వు ఇచ్చింది. విడిభాగాలను బయటి మార్కెట్టులో దొరకనివ్వడం లేదని, బయటి మెకానిక్కులకు పనిముట్లూ సమాచారమూ అందనివ్వడం లేదని తేల్చి, మొత్తం 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అందులోనే వారంటీ గురించి కూడా చెప్పింది. బయటి మెకానిక్ దగ్గర పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదు. బయట జరిగిన తప్పుడు పని వల్ల ఎంత నష్టం కలిగిందో అంతవరకే పూచీని నిరాకరించవచ్చు. తర్వాత కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అమెరికాలో ఇటువంటి రక్షణ 1975 నాటి చట్టంలోనే ఉంది. అక్కడ స్థిరపడిన మన పిల్లలు ఫోనులో, మేం ఇంటి దగ్గరే ఆయిలు మార్చుకుంటాం, ఎవరూ ఏమీ అనరు అని చెబితే అది నిజమే. కాని ఆ చట్టం ఇక్కడ పనిచేయదు.

ఇక్కడి వారంటీ పుస్తకాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. నిర్ణయించిన సర్వీసులన్నీ కంపెనీ అధీకృత వర్క్‌షాపులోనే, సమయానికి చేయించి ఉండాలని. పైన చెప్పిన ఉత్తర్వు చేతిలో పెట్టుకుని ఈ షరతుతో పోరాడవచ్చు. కాని ఆ పోరాటం జరిగినన్నాళ్లూ బండి షెడ్డులో ఉంటుంది. అందుకే నా సలహా ఇది. వారంటీ ఉన్నంతకాలం పుస్తకంలో రాసిన సర్వీసులు అధీకృత వర్క్‌షాపులోనే చేయించండి. మొదటి రెండు మూడు సర్వీసులకు కూలి ఎలాగూ ఉండదు, ఆయిలుకూ ఫిల్టరుకే ఖర్చు. రెండు సర్వీసుల మధ్య బండిని చూసుకునే పని మాత్రం మీదే. ఆ పని చేసుకోమని పుస్తకమే చెబుతుంది.

ఇంజను ఆయిలు కొలపుల్ల తీసి చూడడం, టైర్ల గాలి చూడడం, కూలంటు మట్టం చూడడం, అద్దం కడిగే నీళ్లు పోయడం, బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి పొడి తుడవడం, ఇవన్నీ యజమాని పనులే. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే అక్కడ అంటించిన చీటీ మీద ఉంటుంది. పొద్దున బండి కదలకముందే చూసుకోవాలి. బ్యాటరీ విప్పవలసి వస్తే ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు తీయాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్.

గాలి ఫిల్టరు విషయం మన సరిహద్దు జిల్లాలవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. సండూరు, బళ్ళారి గనుల ఎర్రధూళిలో, చంద్రపూర్ బొగ్గు దుమ్ములో తిరిగే బండికి మామూలు లెక్క సరిపోదు. దుమ్ము రోడ్లను కఠిన పరిస్థితులుగా లెక్కగట్టి, అటువంటి చోట ఫిల్టరును ఇంకా ముందుగా చూడాలని, మార్చాలని పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఫిల్టరు పెట్టె క్లిప్పులు తీసి, దుమ్ము దులిపి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడం పది నిమిషాల పని. కంపెనీ ఫిల్టరునో, అదే కొలత గల మంచి ఫిల్టరునో వాడి, రశీదు దాచుకోండి. దుమ్ము లోపలికి పోయి ఇంజను అరిగితే, నిర్వహణలో అశ్రద్ధ అంటారు. అప్పుడు ఫిల్టరు మార్చిన రశీదులే మీకు సాక్ష్యం.

ఇక నీళ్ల సంగతి. మనవైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. టీ గిన్నెలో అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లే రేడియేటరులోనూ పొర కడతాయి. పాత అంబాసిడరుకు చెరువు నీళ్లు పోసి నడిపిన అలవాటు ఇప్పటి కార్లకు తేకండి. కంపెనీ చెప్పిన కూలంటు మాత్రమే పోయాలి. ఇంజను వేడిగా ఉండగా మూత తీయకూడదు. మట్టం పదేపదే తగ్గుతుంటే పోస్తూ కూర్చోకుండా వర్క్‌షాపుకు తీసుకువెళ్లండి. ఎక్కడో కారుతోందన్నమాట, ఆ కారడం వారంటీలో బాగుపడవలసినదే కావచ్చు. బ్రేకు ఆయిలు కూడా అంతే. మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, కారుతూ ఉండవచ్చు. బ్రేకుల పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి.

ఆయిలు కొంచెం తగ్గి పైన పోయవలసి వస్తే, పుస్తకంలో రాసిన గ్రేడే కొనాలి. డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, రెండవది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చిక్కనిదైతే ఇంజనుకు బలం అన్నది పాత మాట. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. వాటికి తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలు కావాలి. ట్రాక్టరు ఆయిలు పోస్తే ఆ ఫిల్టరు త్వరగా పూడిపోతుంది. కొన్ని డీజిలు కార్లకు విడిగా యూరియా ద్రావణం పోసే చిన్న ట్యాంకు కూడా ఉంటుంది. పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి అందులో పోద్దామన్న ఆలోచన రానివ్వకండి. ఆ ద్రావణంలో ఉండేది శుద్ధమైన యూరియా, సరిగ్గా 32.5 శాతం, అదీ ఖనిజాలు తీసేసిన నీళ్లలో. ఎరువు కలిపిన నీళ్లతో ఆ యంత్రం పాడైతే ఏ కంపెనీ పూచీ పడదు.

అన్నిటికన్నా ఎక్కువ వారంటీలు పోయేది ఆయిలు వల్ల కాదు, వైర్ల వల్ల అని నాకనిపిస్తుంది. గట్టి హారను, పెద్ద లైట్లు, పాటల పెట్టె, వెనక కెమెరా. బజారులో అమర్చేవాళ్లు వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి పంపిస్తారు. ఆ తర్వాత ఏ విద్యుత్ భాగం కాలినా, కోసిన చోటు చూపించి కాదు పొమ్మంటారు. ఇక్కడ చేసిన పనికీ చెడినదానికీ సంబంధం లేదని నిరూపించడం చాలా కష్టం. అమర్చవలసే వస్తే వైరు కోయకుండా ప్లగ్గుతో కలిసేవే పెట్టించండి. బల్బు మార్చినా అంతే వాట్లది పెట్టండి. బయట గ్యాసు కిట్టు బిగించడం, ఇంజను కంప్యూటరు లెక్కలు మార్పించడం వారంటీ తీరేదాకా వద్దు.

చేసిన ప్రతి పనీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తేదీ, మీటరులో కిలోమీటర్లు, చేసిన పని, వాడిన వస్తువు. రశీదు పక్కనే అంటించండి. ఈ రశీదుల మీద అక్షరాలు కొన్ని నెలలకే మాసిపోతాయి, కాబట్టి ఫోనులో ఫొటో తీసి ఉంచండి.

మన ప్రాంతాలవాళ్లకు ఇంకొక సందేహం ఉంటుంది. బండి బెంగుళూరులో కొన్నాం, మేముండేది హోసూరు. రాయగడలో కొన్నాం, పని మీద విజయనగరంలో ఉంటున్నాం. పూచీ ఇచ్చింది డీలరు కాదు, కంపెనీ. కాబట్టి రాష్ట్రం మారినా ఆ కంపెనీ అధీకృత వర్క్‌షాపు ఎక్కడున్నా చూపించుకోవచ్చు. జాబ్ కార్డు కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా ఏం రాశారో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. మీరు చెప్పిన ఫిర్యాదు అందులో లేకపోతే, చెప్పనట్లే లెక్క.

వారంటీ వర్తించదు అంటే, ఏ కారణం చేతనో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. చాలాసార్లు ఈ ఒక్క మాటతోనే స్వరం మారుతుంది. మారకపోతే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. 2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం మనవంటివారికి ఒక మేలు చేసింది. పాత చట్టం కింద, అమ్మినవాళ్లు ఉన్న చోటనో, తగాదా పుట్టిన చోటనో కేసు వేయవలసి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే జిల్లాలోనే, లేదా మీరు పనిచేసుకునే జిల్లాలోనే వేయవచ్చు. తగాదా పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. వకీలు తప్పనిసరి కాదు. కారుకు చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే వింటుంది. రుసుము 5 లక్షల దాకా ఏమీ లేదు, 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, ఆపైన 1,000 రూపాయలు. వెళ్లేటప్పుడు జాబ్ కార్డులు, ఆ నిరాకరణ కాగితం, మీ నోటు పుస్తకం వెంట తీసుకువెళ్లండి.