రాగి రేకు కింద ఇనుప మేకు

నవాబుపేట నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల రాయాలనుకున్న విషయాన్ని పక్కన పెట్టించింది. 1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం తీరంలో సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మూడు ఫ్రెంచ్ నౌకల దాడిని తట్టుకుని బయటపడిందని చదివిన పాఠకుడు ఇలా అడిగారు: అప్పటికి ఆ ఓడకు 30 ఏళ్లు, పైగా అంతా కొయ్య. ఉప్పునీళ్లలో అన్నేళ్లు నానిన ఓడ గుండ్ల దెబ్బ తగలకముందే విచ్చిపోవాలి కదా? ఎంత చక్కని ప్రశ్న! దీనికి జవాబు ఫిరంగుల దగ్గర దొరకదు. నీటిగీతకు కింద, రాగి రేకుకూ ఇనుప మేకుకూ మధ్య నడిచే విద్యుత్ వ్యవహారంలో వెతకాలి.

ముందు ఓడ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 50 ఫిరంగుల సెంచూరియన్‌ను ఇంగ్లండ్‌లోని హార్విచ్‌లో కట్టి 1774లో నీళ్లలోకి దించారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం చూసి, 1794లో మారిషస్ దగ్గర ఫ్రెంచివారితో పోరాడింది. విశాఖలో దాడి మొదలైనప్పుడు కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాటం నడిపించాడు. ఎదురుగా అడ్మిరల్ లినోయ్, అతని 74 ఫిరంగుల మరెంగో, తోడుగా రెండు ఫ్రిగేట్లు. సెంచూరియన్ వెంట ఉన్న రెండు వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయి బద్దలైంది, రెండోది శత్రువు చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం తెరచాపలు చిరిగి, తాళ్లు తెగినా తేలుతూనే ఉంది. లోతు చాలక మరెంగో దగ్గరికి రాలేకపోవడం వల్లే అది బతికిందని ఎవరైనా అనవచ్చు. ఆ మాట సరైనదే. కానీ పాఠకుడి ప్రశ్న అది కాదు. ఆ రోజుదాకా ఓడ ఎలా నిలిచిందన్నది ప్రశ్న.

కొయ్య ఓడకు అసలు శత్రువు ఓడపురుగు. పేరుకు పురుగేగానీ ఇది ఆల్చిప్పల జాతి ప్రాణి. ఒంటి కొసన ఉండే చిన్న చిప్పలను ఆకురాయిలా ఆడిస్తూ కొయ్యను తొలుస్తుంది. పిల్లగా గుండుసూది మొనంత రంధ్రంలో దూరి లోపలే పెరుగుతుంది కాబట్టి పైకి పలక నున్నగానే కనిపిస్తుంది. వెచ్చని సముద్రాల్లో దీని ఉధృతి ఎక్కువ. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఫ్రిగేట్ అడుగుకు పల్చని రాగి రేకులు కొట్టి వెస్టిండీస్ పంపింది. 1763లో విప్పి చూస్తే పురుగు జాడ లేదు. అంతటితో ఆగితే ఇది మామూలు విజయగాథ. కానీ రాగిని తాకిన ఇనుప మేకులు ముద్దలా మెత్తబడి ఉన్నాయి. రేకులు చుట్టి తెచ్చిన కాగితం పొరపాటున మధ్యలో మిగిలిపోయిన చోట మాత్రం ఇనుము చెక్కుచెదరలేదు. గల్వానీ లోహాలు తాకించి కదిలించిన కప్పకాళ్లు ఇంకా కదలని రోజులవి. వోల్టా తన ఘటమాల, అంటే తొలి బ్యాటరీ గురించి ప్రకటించడానికి ఇంకా 37 ఏళ్లుంది. అయినా సముద్రం అప్పటికే ఓడంత ఘటాన్ని తయారుచేసి చూపించింది!

ఇక్కడ జరిగేదాన్ని నిదానంగా చూడాలి. ఇనుము రాగికంటే తేలికగా ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. రెండూ తాకి ఉంటే ఆ ఎలక్ట్రాన్లు రాగిలోకి పారి, దాని ఉపరితలం మీద నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను చేరతాయి. అవతల ఇనుము అయాన్లుగా కరిగిపోతుంది. ఉప్పునీరు అయాన్లను మోస్తూ వలయాన్ని పూర్తిచేస్తుంది. అసలు ప్రమాదం వైశాల్యంలో ఉంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందుకునే చోటు ఓడ అడుగంతా పరచుకుంది. వాటిని ఇవ్వవలసినవి చిన్న మేకు తలలు, పలకలను బిగించిన సీలలు. అంత పెద్ద రేకు ఆకలి అంత చిన్న ఇనుము మీద పడితే అది ఎంతకాలం నిలుస్తుంది? లోహాల జత ఒకటే అయినా రాగి చిన్నదై, ఇనుము పెద్దదై ఉంటే ఇంత నష్టం ఉండదు. ఈ నిష్పత్తిని పట్టించుకోని వాళ్లంతా దెబ్బతిన్నారు.

అందరికంటే ముందు దెబ్బతిన్నది ఆ నౌకాదళమే. 1779 తర్వాత నౌకాదళ అధికారి చార్లెస్ మిడిల్టన్ పూనికతో ఓడలన్నిటికీ రాగి కొట్టేశారు. 1782 నాటికి సెంచూరియన్ తరహా 50 ఫిరంగుల ఓడల్లోనే 14కు తొడుగు పడింది. మధ్యలో తారు పూసిన కాగితం వేస్తే చాలనుకున్నారు. అలల్లో ఒరుసుకుని కాగితం చిరిగితే ఏమవుతుందో ఆలోచించలేదు. చివరికి 1783 నుంచి ఇనుప సీలల బదులు రాగి మిశ్రమం సీలలు వచ్చాయి. అప్పుడే రాగి తొడుగు నిజంగా నమ్మదగినదైంది. 1804లో హిందూ మహాసముద్రంలో తిరిగిన పాత ఓడ కొయ్య నిలిచిందంటే ఆ ఘనత ఈ దిద్దుబాటుదేనని నా వాదన. టేకుతో కడితే ఈ బాధ ఉండదు కదా అంటారు కొందరు. టేకు మేలైనదే, అందులోని నూనె ఇనుమును ఓక్ కంటే బాగా కాపాడుతుంది. అయినా కొచ్చిన్‌లో టేకుతో కట్టిన సమరాంగ్ అనే ఓడకు సైతం రాగి కొట్టక తప్పలేదు.

ఆ సమరాంగే మరో మహానుభావుడి పొరపాటును బయటపెట్టింది. రాగి కూడా మెల్లగా కరిగిపోతోందని నౌకాదళం మొరపెట్టుకుంటే, 1824లో రసాయనవేత్త హంఫ్రీ డేవీ దానికి ఇనుము లేదా జింకు ముక్కలు తగిలించమన్నాడు. ఆ ముక్కలు తామే కరిగి రాగిని కాపాడతాయి. ఎంత అందమైన ఆలోచన! విద్యుత్ రసాయనం దృష్టిలో ఒక్క తప్పు లేదు. ఆ ముక్కలు తగిలించుకుని సమరాంగ్ నోవాస్కోషియాకు వెళ్లి వచ్చింది. పద్ధతి పాటించిన ఓడల్లో రాగి భద్రంగానే ఉంది, కానీ దాని మీద నాచు, గుల్లలు దట్టంగా పేరుకుని వేగం పడిపోయింది. గుల్లల పిల్లలను చంపేది కరిగే రాగి అయాన్లే. కరగడం ఆపితే విషమూ ఆగిపోతుంది. తాను అరిగిపోతేనే రాగి ఓడను కాపాడగలదు. గొప్ప రసాయనవేత్తకు జీవశాస్త్రం తట్టలేదు. 1825లో ఆ ముక్కలను తీసేయమని ఆదేశాలొచ్చాయి.

సెంచూరియన్ 1808 నుంచి నోవాస్కోషియాలోని హాలిఫాక్స్‌లో ఆసుపత్రి ఓడగా గడిపి, డేవీ తన సిద్ధాంతం వినిపించిన 1824లోనే లంగరు మీద ఉండగా మునిగింది. మరుసటి ఏడాది పైకి తీసి విరగ్గొట్టారు. డేవీ పద్ధతి మాత్రం చావలేదు. ఉక్కు ఓడలకు తగిలించే జింకు దిమ్మెలు, భూమిలోని చమురు గొట్టాల రక్షణ, ఇంట్లో గీజర్‌లో ఉండే మెగ్నీషియం కడ్డీ అన్నీ దాని సంతానమే. ఆ కడ్డీ కరిగిపోవడానికే ఉంది, కరిగాక మార్చాలి. కానీ గీజర్ అమ్మేవారు ఆ ముక్క చెప్పరు, కొనేవారు అడగరు. ట్యాంకు కారడం మొదలయ్యాక కంపెనీని తిడతారు.