ఉగ్గుగిన్నెలో నమ్మకం



తల్లి మొదటిసారి ఉగ్గు పెట్టేటప్పుడు పసిబిడ్డ నోరు తెరుస్తుంది. గిన్నెలో ఏమున్నదో అడగదు, అడగలేదు. అంతటి నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడం సులభం, దానికి తగినట్టు నడుచుకోవడం కష్టం. ఈ మాటలు వ్రాస్తుండగా జర్మనీ దేశంలోని ఒక కుటుంబం మాకు జ్ఞాపకం వచ్చింది.

మ్యూనిక్ నగరానికి ఉత్తరాన ఫాఫెన్‌హోఫెన్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ జోసెఫ్ హిప్ మిఠాయిలు, రొట్టెలు చేసి అమ్మేవాడు. 1899లో ఆయన భార్య మరియకు కవలలు పుట్టారు. తల్లిపాలు చాలలేదు. ఏమి చేయాలో తోచని ఆ తండ్రి రస్కులను మెత్తగా పొడిచేసి, పాలు, నీళ్ళు కలిపి పిల్లలకు పట్టించాడు. మన ఇళ్ళలో ఉగ్గు వంటిదే అది. తరువాత ఆ పొడిని దుకాణంలో అమ్మసాగాడు. 1932లో కుమారుడు గెయార్గ్ ఆ పనినే ఒక కంపెనీగా నిలబెట్టాడు.

1956లో గెయార్గ్, ఆయన భార్య అన్ని తమ సొంత పొలంలో రసాయనిక ఎరువులు, పురుగుమందులు మానివేశారు. స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ ముల్లర్ వారికి దారి చూపాడు. పైర్లను మార్చి మార్చి వేయడం, పప్పుజాతి పైరుతో నేలకు బలం చేకూర్చడం, పేడ ఎరువు వాడడం వారి పద్ధతి. నేలకు విశ్రాంతినిమ్మని లేవీయకాండము చెప్పిన మాట ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. కాని ఎక్కువ దిగుబడే గొప్ప అని లోకం నమ్మిన రోజులవి. ఐరోపా దేశాలు సేంద్రియ పంటకు ఉమ్మడి చట్టం చేసింది 1991లో, అంటే 35 ఏళ్ళ తరువాత!

1967లో తండ్రి మరణించగా కుమారుడు క్లౌస్ హిప్ బాధ్యత తీసుకున్నాడు. ఒక్క పొలం పంట చాలదు గనుక రైతులను ఒక్కొక్కరిగా ఒప్పించవలసి వచ్చింది. కాలక్రమాన వేలాదిమంది రైతులు వారికి పంట ఇచ్చేవారయ్యారు. ఐరోపా అంతటా ఆ పేరు తెలిసింది. భక్తిగల కతోలికుడైన క్లౌస్ ఎన్నో ఏళ్ళు వేకువనే ఊరి దగ్గరి యాత్రాలయం తలుపులు తానే తెరిచేవాడు. టెలివిజన్ ప్రకటనలలో తానే కనబడి, ఈ ఆహారానికి నా పేరే పూచీ అని చెప్పేవాడు.

అయితే పేరును పూచీగా పెట్టినవానికి పరీక్ష తప్పదు. 2012లో ఫుడ్‌వాచ్ అనే వినియోగదారుల సంస్థ ప్రజల ఓట్లు సేకరించి, మోసపుచ్చే సరుకులకిచ్చే వెక్కిరింపు బహుమానాన్ని ఈ కంపెనీ అమ్మిన పిల్లల టీ పొడికి ఇచ్చింది. ఆ పొడిలో చాలా భాగం పంచదారే! పొలంలో అంత జాగ్రత్తపడినవారు డబ్బాలో తప్పిపోయారు. సేంద్రియ పంచదార అయినా పసివారి పళ్ళకు పంచదారే గదా. చివరకు కంపెనీ దానిని మాని, తీపి కలపని టీ తెస్తామని ప్రకటించింది.

ఈ సంగతి దాచి, మంచి మాటలే వ్రాస్తే మీకు ఇంపుగా ఉండేదేమో. కాని భక్తిగలవారి వ్యాపారానికి కూడా త్రాసు పరీక్ష అవసరమని సామెతల గ్రంథం మనకు నేర్పుతున్నది. ప్రార్థన చేసేవాడు తప్పు చేయడని కాదు. తప్పు చూపించినప్పుడు సరిదిద్దుకోవలెనని దాని భావం.

తల్లులారా, మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలు. ఆ తరువాత మీ చేతి రాగి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నం ఏ డబ్బాకూ తీసిపోవు. డబ్బా కొంటే ముందున్న బొమ్మ కాదు, వెనుకనున్న చిన్న అక్షరాలు చదవండి. పాలు పోసేవారు, కూరలు అమ్మేవారు, మందులు, ఎరువులు అమ్మేవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. మీ సరుకు చివరకు ఏదో ఒక ఉగ్గుగిన్నెలోనికే చేరుతుంది.

అక్కడ నోరు తెరిచి ఎదురుచూచే బిడ్డను ప్రభువు మనకు అప్పగించాడు. ఆ నమ్మకానికి తగినవారముగా ఉండునట్లు ఆయన మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.