జాయ్‌స్టిక్కు లోపల ఏముంది?

1982లో మైక్రోసాఫ్ట్ 'ఫ్లైట్ సిమ్యులేటర్' వెలువడింది. కొత్త రూపాల్లో అది వస్తూనే ఉంది. 2024లోనూ ఒకటి వచ్చింది. ఇటువంటి ఆటలో విమానాన్ని ఎక్కించడం తేలికే, దించడమే కష్టం. మీటలు నొక్కి దించబోతే ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది. ఎందుకని?

మీట లైటు స్విచ్చి వంటిది. దానికి తెలిసినవి రెండే స్థితులు. విమానానికి కావలసింది కుళాయి వంటి సాధనం, ఎంత కావాలంటే అంతే తిప్పగలగాలి. ఆ పని చేసేది జాయ్‌స్టిక్కు. అయితే ఆకారం చూసి మోసపోకూడదు. 1977లో అటారి ఆటపెట్టెతో వచ్చిన జాయ్‌స్టిక్కులో నాలుగు దిక్కులకు నాలుగు స్విచ్చులే ఉండేవి!

పిడిని వెనక్కి లాగితే తోకమీది ఎలివేటర్లు పైకి లేచి, విమానం ముక్కు పైకెత్తుతుంది. ఎడమకు వంచితే ఎడమ రెక్కమీది ఐలెరాను పైకి, కుడి రెక్కది కిందికి కదిలి, విమానం ఎడమకు ఒరుగుతుంది. తోకలో నిలువుగా ఉండే రడ్డరును పైలట్లు కాళ్లతో నడుపుతారు. ఇంట్లో పిడిని మెలితిప్పి ఆ పని చేయవచ్చు. ఇంజను శక్తికి ఒక థ్రాటిలు మీట కావాలి. అంటే ముఖ్యమైన కదలికలు నాలుగు. ఇవి ఉన్నాయో లేవో ముందు చూడండి, బొత్తాల లెక్క తరువాత.

పిడి ఎంత వంగిందో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? దీనికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది పొటెన్షియోమీటరు. కార్బన్ పట్టీమీద ఒక లోహపు ముక్క జరుగుతుంది, దాని స్థానాన్నిబట్టి వోల్టేజి మారుతుంది. పాత రేడియోలో శబ్దం పెంచే మర తిప్పితే బరబరమనడం మీ ఇంట్లో పెద్దలు విని ఉంటారు. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా అలా జరుగుతుంది. జాయ్‌స్టిక్కులో ఇదే లోపం వస్తే, మీ చెయ్యి కదలకపోయినా విమానం ఉలికిపడుతుంది.

రెండవది హాల్ సెన్సరు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికను పరిశోధక విద్యార్థి పలుచని బంగారు రేకులో విద్యుత్తును పంపి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని ఉంచాడు. కదిలే ఆవేశాలు ఒక పక్కకు నెట్టబడి, రేకు రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజి ఏర్పడింది. క్షేత్రం మారితే ఆ వోల్టేజీ మారుతుంది. పిడితోపాటు అయస్కాంతం కదిలితే సెన్సరు దానిని ముట్టుకోకుండానే పసిగడుతుంది. రాపిడి లేదు కాబట్టి సెన్సరు అరగదు. కొన్ని రకాలలో పిడి వంపుకు మాత్రమే హాల్ సెన్సర్లుండి, మెలికకు పొటెన్షియోమీటరే ఉంటుంది. కొనేముందు ఈ సంగతి అడగండి.

ఇప్పుడొక చిన్న లెక్క. పిడి ఆ చివరినుంచి ఈ చివరికి 40 డిగ్రీలు కదులుతుందనుకుందాం. 8 బిట్ల పరికరం దానిని 256 భాగాలు చేస్తుంది, ఒక్కో భాగం సుమారు 0.16 డిగ్రీలు. 10 బిట్లయితే 1024 భాగాలు, ఒక్కోటి సుమారు 0.04 డిగ్రీలే. 12 బిట్లకు ఎంతో మీరే లెక్కకట్టండి. కాని సెన్సరే వణుకుతుంటే ఎన్ని భాగాలున్నా లాభం లేదు. మధ్యలోని చిన్న కదలికలను లెక్కలోకి తీసుకోకుండా చేసే 'డెడ్ జోను' అమరిక ఆ వణుకును దాచగలదు. అయితే దించేటప్పుడు అవసరమయ్యే మీ సున్నితమైన కదలికలు కూడా దానిలో పోతాయి.

దుకాణంలో పిడిని కంప్యూటరుకు తగిలించి చూపమనండి. వదిలేయగానే తెరమీది గుర్తు మధ్యకు రావాలి, వచ్చి కదలక నిలవాలి. మెల్లగా వంచితే గంతులు వేయకూడదు. గట్టిగా లాగినా పీట బల్లమీదనుంచి లేవకూడదు.

అన్నిటికన్నా ముందు, ఉచితంగా దొరికే 'ఫ్లైట్‌గేర్'ను మౌసుతో కొన్ని వారాలు నడిపి చూడండి. అప్పటికీ ఉత్సాహం నిలిచి ఉంటే ఇంట్లో అడగండి. ఇంటి ఖర్చులోనుంచి తీసి ఇచ్చే ఆ డబ్బుకు మీరు చెప్పవలసిన సమాధానం, పెట్టెమీది రంగుల బొమ్మ కాదు, పెట్టెలోని సెన్సరు.